గోడ కేలెండరూ, సెల్‌ఫోన్ టార్చీ: నెలకోసారి ఇంట్లోనే నోరు చూసుకోవడం ఎలా

"నొప్పెట్టట్నేదు గదమ్మా, ఏటవుద్ది?"

శ్రీకాకుళం వైపు పల్లెల్లో పళ్ళ పరీక్షల శిబిరాలకు వెళ్ళినప్పుడల్లా నాకు వినబడే మాట ఇది. పన్ను సలిపితే అర్ధరాత్రయినా తలుపు తట్టే మనుషులే, అంగిట్లో రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ పెట్టుకుని ఏళ్ళ తరబడి నిమ్మళంగా తిరుగుతుంటారు. "ఇది ఎన్నాళ్ళుగా ఉందమ్మా?" అని అడిగితే ఇదిగో, ఇలా నన్నే ఎదురడుగుతారు. వాళ్ళ తప్పేం లేదు. ఒంట్లో ఏం జరిగినా నొప్పే వచ్చి కబురు చెబుతుందని మనందరి లెక్క. నోటి క్యాన్సర్ దగ్గర ఆ లెక్క తప్పుతుంది. మొదట్లో అది చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి మొదలయ్యేసరికి లోతుకు దిగి, మెడలోని గ్రంథుల దాకా పాకి ఉండొచ్చు.

అందుకని నొప్పి కోసం ఎదురుచూడకుండా కంటితో వెతకాలి. కడుపులో గడ్డ స్కానింగ్ చేస్తే తప్ప కనబడదు. నోరు అలా కాదు, అద్దం ముందు తెరిస్తే చాలు. అయినా మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే పెదవి, నోటి క్యాన్సర్లు కొత్తగా సుమారు 1,43,000 మందికి వచ్చాయని, దాదాపు 80,000 మంది వాటితో చనిపోయారని ప్రపంచ క్యాన్సర్ లెక్కల అంచనా. తొలి దశలో దొరికితే నూటికి 80 మందికి దగ్గరగా ఐదేళ్ళు దాటి బతుకుతారు. ముదిరాక వస్తే ఆ సంఖ్య సగానికీ, అంతకన్నా కిందికీ పడిపోతుంది. మన దగ్గర ముదిరాక వచ్చేవాళ్ళే ఎక్కువ.

చుట్ట, బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీ, వక్కపొడి, మందు: వీటిలో ఏది అలవాటున్నా, ఎప్పుడో మానేసినా ఈ పరీక్ష మీకోసమే. పొగాకూ మందూ రెండూ ఉన్నవాళ్ళకి ప్రమాదం కలపడం కాదు, హెచ్చవేతే. వక్క ఒక్కటే నమిలేవాళ్ళు "మాది పొగాకు కాదు కదా" అంటారు. పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఏ అలవాటూ లేనివాళ్ళు కూడా చూసుకుంటే పోయేదేం లేదు, ఐదు నిమిషాల పని.

ముందు ఏర్పాట్లు

నెలలో ఒక రోజు పెట్టుకోండి. ఒకటో తారీఖు గుర్తుండకపోతే అమావాస్య మర్నాడు అనుకోండి, గుర్తుండేది ఏదైనా సరే. పొద్దున్నే పళ్ళు తోముకుని, నోరు పుక్కిలించి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కట్టుడు పళ్ళుంటే తీసేయాలి. వాటి కింద దాగినది వాటిని తీస్తేనే కనబడుతుంది. గోడకున్న అద్దం, సెల్‌ఫోన్ టార్చి, ఒక శుభ్రమైన చేతిరుమాలు. ఇంతకన్నా సామాన్లేం అక్కర్లేదు. కళ్ళు సరిగా ఆనని పెద్దవాళ్ళయితే ఇంట్లో ఇంకొకరు చూడాలి. నిజానికి ఇద్దరుంటేనే ఈ పని బాగా సాగుతుంది.

మొహం, మెడ

అద్దంలో మొహం తిన్నగా చూడండి. ఒక చెంప రెండోదానికన్నా ఉబ్బి ఉందా? పెదవి ఒక పక్కకి లాగినట్టుందా? తరువాత చెవి వెనక నుంచి మొదలుపెట్టి, దవడ ఎముక కింద, మెడ పక్కల మీదుగా కాలర్ ఎముక దాకా మునివేళ్ళతో నెమ్మదిగా నొక్కుకుంటూ రండి. రెండు పక్కలూ పోల్చుకోండి. జలుబు చేసినప్పుడో, పన్ను చీము పట్టినప్పుడో బిళ్ళలు కడతాయి. అవి నొక్కితే నొప్పెడతాయి, జారుతుంటాయి, జబ్బు తగ్గితే అవీ తగ్గుతాయి. గట్టిగా, కదలకుండా, నొప్పి లేకుండా ఉన్న బిళ్ళ అయితే డాక్టరుకి చూపించాల్సిందే.

పెదవులు, చెంపలు, ఆ సందు

కింది పెదవిని బయటికి మడిచి లోపలి వైపు చూడండి, తరువాత పై పెదవి. చూపుడు వేలూ బొటనవేలూ మధ్య పెట్టి నలుపుతూ ఈ మూల నుంచి ఆ మూలకి రండి. లోపల ఆవగింజంత గట్టితనమున్నా వేళ్ళకి తెలుస్తుంది.

ఇప్పుడు చెంప. వేలితో చెంపని పక్కకి లాగి, టార్చి వేసి వెనక దంతం దాకా చూడండి. ఇక్కడ తొందరపడొద్దు. పాశ్చాత్య దేశాల్లో ఈ క్యాన్సర్ ఎక్కువగా నాలుక పక్కనా, నాలుక కిందా వస్తుంది. మన దేశంలో చెంపకీ చిగురుకీ మధ్యనున్న సందులో ఎక్కువ. కారణం తెలిసిందే. ఖైనీ ఉండ పెట్టేదీ, జర్దా కిళ్ళీ ఓ పక్కకి తోసేదీ అక్కడే. గంటల తరబడి అదే చోట ఊరుతుంది. "మీరు ఏ పక్కన పెడతారు?" అని నేను అడుగుతాను. ఎడమపక్క అంటే ముందు ఎడమపక్కే చూస్తాను. మీరూ అలాగే చేయండి. అలవాటైన పక్కని ఒకసారి చూసి వదలకుండా రెండోసారి చూడండి. వేలు పెట్టి తడమండి. చర్మం మడతలు పడి తోలులా తయారైందా, గరుగ్గా ఉందా, పుండు అంచు గట్టిగా లేచి ఉందా?

నాలుక, దాని కింద

నాలుక చాపి పై భాగం చూడండి. తరువాత చివరని చేతిరుమాలుతో పట్టుకుని ఒక పక్కకి లాగండి. అప్పుడే వెనకటి అంచులు కనబడతాయి. పుచ్చి విరిగిన దంతం రోజూ ఒరుసుకునే చోటు అది. రెండో పక్కా అంతే. ఇక నాలుక చివరని అంగిటికి ఆనించి కింది భాగం చూడండి. అక్కడ నీలి నరాలు కనబడితే కంగారు పడకండి, అవి అందరికీ ఉండేవే. ఒక వేలు నాలుక కిందా, రెండో చేతి వేళ్ళు బయట గడ్డం కిందా పెట్టి మధ్యనున్న మెత్తని భాగాన్ని నొక్కి చూడండి.

అంగిలి: మా ఉత్తరాంధ్రలో ముఖ్యంగా

తల వెనక్కి వాల్చి, నోరు బాగా తెరిచి, టార్చి పైకి వేయండి. అద్దంలో సరిగా అందకపోతే ఫోను కెమెరాతో ఫోటో తీసుకుని చూడండి. "ఆ..." అంటే కొండనాలుక పైకి లేచి వెనకటి భాగం కూడా కనబడుతుంది.

దేశంలో మిగతా చోట్ల అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో అలా కాదు. దానికి కారణం అడ్డపొగ. చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. తెలియనివాళ్ళు నమ్మరు గానీ, మా వైపు అమ్మమ్మలు చుట్ట నోట్లో అలా పెట్టుకునే నాట్లు వేసేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు. గాలికి నిప్పు ఆరదు, వానకి తడవదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, పైగా చూసేవాళ్ళకి నిప్పు కనబడదు. ఆ వేడీ ఆ పొగా సరాసరి తగిలేది అంగిటికే. 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం మన డాక్టర్లూ డెన్మార్క్ నుంచి వచ్చిన నోటి వ్యాధుల నిపుణులూ కలిసి పల్లెల్లో 10,169 మంది నోళ్ళు తెరిపించి చూశారు. అడ్డపొగ అంగిటిని ఏం చేస్తుందో ప్రపంచం తెలుసుకున్నది మా అమ్మమ్మల నోళ్ళు చూసే. గర్వపడే సంగతైతే కాదు.

అడ్డపొగ తాగేవాళ్ళ అంగిలి మొదట తెల్లబారుతుంది. ఆ తెలుపులో ఎర్రని చుక్కలు పొడుస్తాయి. పొగ మానేస్తే ఈ దశలోనే చాలామందికి వెనక్కి తగ్గుతుంది. ఆ తెలుపు మధ్యలో ఎర్రగా ఒలిచినట్టు కనబడినా, పుండు పడినా, ఏదైనా మొలిచినట్టున్నా నెలాఖరు దాకా ఆగొద్దు.

మూడు వేళ్ళ పరీక్ష

ఇది కుర్రాళ్ళకి మరీ ముఖ్యం. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు మూడూ కలిపి నిలువుగా పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య పెట్టండి. మీ వేళ్ళే, మీ నోరే. మూడూ పడితే బాగున్నట్టు. రెండే పడుతుంటే నోరు బిగుసుకుంటోందన్న మాట. వక్క నమిలేవాళ్ళలో చెంపల లోపలి పొర కింద నార కట్టి, సాగే గుణం పోతుంది. దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. క్యాన్సర్ కాదు గానీ, అటుగా వెళ్ళే దారుల్లో ఇదొకటి. దీని మొదటి గుర్తు మంట. నిన్నటిదాకా ఆవకాయ లొట్టలేసుకుని తిన్నవాడు ఇవాళ పప్పన్నం కూడా కారమంటాడు. తరువాత పానీపూరీ మొత్తంగా నోట్లో పట్టదు, ఈల వేయలేడు, బుడగ ఊదలేడు. మా దగ్గరికి వచ్చే కాలేజీ పిల్లల్లో ఎక్కువమంది చెప్పేది పానీపూరీ సంగతే. వక్క వెంటనే మానేస్తే ఇది అక్కడితో ఆగే అవకాశం ఉంది. పట్టేసిన నార మాత్రం మొత్తంగా వెనక్కి వెళ్ళదు.

గుట్కా నిషేధించారు కదా అంటారేమో. తినే పదార్థాల్లో పొగాకు కలపకూడదని 2011లో ఆహార భద్రతా నిబంధన వచ్చింది. దాంతో చాలాచోట్ల వక్కపొడి ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం అయ్యాయి. కలుపుకోవడం కొన్నవాడి పని.

ఏది కనబడితే భయపడాలి, ఏది కనబడితే అక్కర్లేదు

మొదటిసారి నోరు చూసుకున్న ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చూసి హడలిపోతారు. కాబట్టి ముందు మామూలువి చెబుతాను. నాలుక వెనక భాగంలో అడ్డంగా వరసలో ఉండే లావుపాటి బొడిపెలు పుట్టుకతో వచ్చినవి. చెంప లోపల పళ్ళు కలిసే ఎత్తులో సన్నని తెల్లగీత ఉంటే అది పళ్ళ ఒరిపిడి. చెంపల్లో, పెదవుల్లో పసుపుపచ్చని చిన్న చుక్కలు నూనె గ్రంథులు. అంగిలి నడిమధ్యన ఎముకలా గట్టి గుబ్బ చాలామందికి ఉంటుంది, ఎన్నేళ్ళయినా అలాగే ఉంటుంది. నిద్ర చాలకో, చెంప కొరుక్కునో వచ్చే నోటిపూత చిన్నగా, గుండ్రంగా, విపరీతంగా మండుతుంది. వారం పది రోజుల్లో మానుతుంది. ఒక రకంగా ఆ మంటే శుభవార్త.

అనుమానించాల్సినవి ఇవి. గుడ్డతో తుడిచినా పోని తెల్లమచ్చ. మఖమల్ గుడ్డలా నున్నగా మెరిసే ఎర్రమచ్చ. ఎరుపు కనబడితే తెలుపుకన్నా ఎక్కువ జాగ్రత్త పడాలి, దాంట్లో క్యాన్సర్ దాగి ఉండే అవకాశం చాలా ఎక్కువ. అంచులు గట్టిగా లేచి, ముట్టుకుంటే రక్తం వచ్చే పుండు. చిగుళ్ళ జబ్బు లేకుండానే ఒక్క పన్ను ఊగడం, లేదా పన్ను పీకించుకున్న చోట గుంట మానకపోవడం. పెదవో నాలుకో ఒక చోట తిమ్మిరెక్కినట్టుండడం. చెవిలో ఏమీ లేకపోయినా ఒకపక్క చెవిపోటు. మింగుతుంటే అడ్డుపడడం, గొంతు బొంగురుపోయి తగ్గకపోవడం. ఉన్నట్టుండి కట్టుడు పళ్ళు పట్టకపోవడం కూడా. దానికి నిందపడేది పళ్ళు కట్టినవాడికే గానీ, ఒక్కోసారి కింద పెరుగుతున్నది వేరేది.

కేలెండర్ మీద తేదీ రాయండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. నోట్లో పుండో మచ్చో కనబడిన రోజు, గ్యాస్ బండ మార్చిన తేదీ రాసుకునే ఆ గోడ కేలెండర్ మీదే "నోరు, ఎడమ చెంప" అని రాయండి. ఫోటో తీసిపెట్టుకోండి. అక్కడి నుంచి 2 వారాలు లెక్కపెట్టి ఆ గడి చుట్టూ సున్నా చుట్టండి. ఆ రోజుకీ మానకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పైన చెప్పిన ఎర్రమచ్చ, మెడలో కదలని గట్టి బిళ్ళ, కారణం లేకుండా కారే రక్తం అయితే ఆ 2 వారాలు కూడా వద్దు.

తేదీ రాయమనడం ఎందుకంటే, మన మనసు ఈ విషయంలో మనల్ని బాగా మోసం చేస్తుంది. "ఎన్నాళ్ళయింది?" అంటే "ఈమధ్యనే, ఓ పది రోజులు" అంటారు. పక్కన కూర్చున్న కూతురు మెల్లిగా అంటుంది, "సంక్రాంతికే ఉంది కదమ్మా." అప్పటికి శ్రావణమాసం.

ఈలోగా జరిగేది ఏమిటంటే మందుల షాపు. బీకాంప్లెక్స్ మాత్రలు, పూసుకునే జెల్లు. పూత తగ్గినట్టుంటుంది, మళ్ళీ మాత్రలు. మా పట్టణంలో ఒకాయన ఇలా ఐదు నెలలు గడిపి, సంచీ నిండా ఖాళీ అట్టలు పట్టుకొచ్చి నా టేబుల్ మీద పోశారు. ఏమీ చేయకుండా కూర్చోలేదని చెప్పడానికి పాపం. మాత్రలు వేసుకోండి, తప్పు లేదు, కానీ ఆ సున్నా చుట్టిన తేదీ దాటాక ఇంకో అట్ట కొనకండి. పటిక పెట్టడం, లవంగ నూనె పోయడం, ఆకు పసర్లు అద్దడం వద్దు. పుండు రూపు మారిపోయి, చూసే డాక్టరుకి కూడా తికమకగా ఉంటుంది. ఆ రెండు వారాలూ పొగాకు, వక్క, మద్యం ఆపండి. పక్కన మొనదేలిన పన్నుంటే నున్నగా అరగదీయించుకోండి. కారణం పన్నే అయితే పుండు మానిపోతుంది.

ఎక్కడికి వెళ్ళాలి, వెళ్ళాక ఏం జరుగుతుంది

పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికి పరిగెత్తనక్కర్లేదు. ముందు మీ ఊళ్ళో పళ్ళ డాక్టరు, లేదా చెవి ముక్కు గొంతు డాక్టరు. 30 ఏళ్ళు దాటినవాళ్ళందరికీ బీపీ, షుగరుతోపాటు నోరు కూడా చూడడం ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. కాబట్టి ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనో, తెలంగాణలో పల్లె దవాఖానాలోనో ఏఎన్ఎం గారిని "నా నోరు కూడా చూడండి" అని నోరు తెరిచి అడగండి. బీపీ పట్టీ కట్టడంతో సరిపెట్టనివ్వొద్దు. వాళ్ళ చూపుని తక్కువగా అనుకోకండి. కేరళలో తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి టార్చితో నోళ్ళు చూశారు. పొగాకు, మందు అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ చావులు మూడో వంతు దాకా తగ్గాయని 2005లో వెలువడిన ఫలితాల్లో తేలింది. వాళ్ళు వాడినవి కళ్ళూ, వేళ్ళూ, వెలుతురూ.

డాక్టరు అనుమానపడితే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. అదే బయాప్సీ. పన్ను పీకేముందు ఇచ్చే మత్తు సూదే ఇస్తారు, మెతుకంత కండ తీస్తారు, ఒకటో రెండో కుట్లు. చాలాచోట్ల వారంలోపు, పది రోజుల్లోపు రిపోర్టు వస్తుంది. "కత్తి తగిలితే పాకేస్తుంది" అని వీధరుగు మీద ఎవరో ఒకరు చెబుతారు. పాకేది కత్తి తగిలి కాదు, తగిలించకుండా నెలలు గడిపి. ముక్క తీయకుండా ఏ డాక్టరూ చూపుతోనే అవునని గానీ కాదని గానీ తేల్చలేడు. అందుకే, మానని పుండుకి మూడోసారి కూడా మందులే రాసిస్తుంటే "బయాప్సీ చేయిద్దామా అండీ?" అని మీరే అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.

రిపోర్టులో డిస్‌ప్లేసియా అని ఉంటే కణాలు దారి తప్పుతున్నాయి గానీ ఇంకా క్యాన్సర్ కాలేదని అర్థం. అది దొరికినవాళ్ళు అదృష్టవంతులు, డాక్టరు చెప్పినన్నిసార్లు చూపించుకుంటే చాలావరకు అక్కడే అడ్డుకోవచ్చు. స్క్వామస్ సెల్ కార్సినోమా అంటే క్యాన్సరే. నోటి క్యాన్సర్‌కి ముఖ్య వైద్యం ఆపరేషన్. అవసరాన్నిబట్టి తరువాత రేడియేషన్, కొందరికి కీమోథెరపీ. మెడలో బిళ్ళలు చేతికి తగలకపోయినా సర్జన్ మెడ గ్రంథులు కూడా తీస్తామంటే "లేని జబ్బుకి కోతేమిటి" అని గొడవపడకండి. తొలి దశలో కూడా ముందే మెడ గ్రంథులు తీసినవాళ్ళు ఎక్కువమంది బతికారని ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 2015లో నిరూపించింది. రేడియేషన్‌కి ముందు పుచ్చుపళ్ళ సంగతి తేల్చుకోవడం మరవొద్దు. రేడియేషన్ తరువాత పన్ను పీకితే దవడ ఎముక మానడం కష్టం.

డబ్బు గురించి ఆగిపోయేవాళ్ళకి: హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎమ్.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ కింద క్యాన్సర్ వైద్యం జరుగుతుంది. ఆధార్, రేషన్ కార్డు, బయాప్సీ రిపోర్టు జిరాక్సులు తీయించి ఒకే కవర్లో పెట్టుకోండి. అసలు రిపోర్టు ఎవరికీ ఇచ్చేయకండి.

అలవాటు మానాలనుకునేవాళ్ళు 1800 11 2356కి ఫోను చేయండి, డబ్బు పడదు. ఆ నంబరు పొగాకు ప్యాకెట్ల మీదే అచ్చయి ఉంటుంది. కొన్నప్పుడల్లా చేతిలోనే ఉంటుంది గానీ చూసేదెవరు.

పెద్దవాళ్ళ చేత నోరు తెరిపించడం

అన్నిటికన్నా కష్టం ఇదే. "క్యాన్సరేమో చూద్దాం" అని మొదలుపెడితే పని చెడినట్టే. అమ్మమ్మలు తల విసురుగా తిప్పేసుకుంటారు. చుట్ట లాక్కుని చూడబోతే రెండు రోజులు మాట్లాడరు. ఒక శిబిరంలో ఓ ఇంటర్ చదివే పిల్ల వాళ్ళ అమ్మమ్మని ఎంత బతిమాలినా ఆవిడ పెదవి విప్పలేదు. చివరికి ఆ పిల్ల నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఫోను టార్చి వెలిగించి ఆవిడ చేతికిచ్చింది.

"ముందు నా నోరు నువ్వు చూడే అమ్మమ్మా."

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, అటూ ఇటూ టార్చి తిప్పి చూసి, "పుచ్చుపన్నుందే నీకు. ఆ చాక్లెట్లు మాను," అంది. పిల్ల సరేనంది. అప్పుడు ఆవిడ చుట్ట తీసి గట్టు మీద పెట్టి, నోరు తెరిచింది.